నీలి గీత కదులుతున్నంతసేపు

కదులుతున్నది, లేదు, నిలిచిపోయింది, కాదు, కదులుతూనే ఉన్నది. గడియారంలో గంటల ముల్లు కదలికను కన్ను పట్టుకోలేనట్టే ఈ నీలి గీత కదలికనూ పట్టుకోలేదు, చూపు పక్కకు మళ్ళించి తిరిగి చూస్తేనే జరిగిన సంగతి తెలుస్తుంది, ఈ ముక్క ఎన్ని తరగతులకు చెప్పి ఉంటానో, చెప్పినవాడికే ఇప్పుడు ఎవరైనా చెప్పవలసి వస్తున్నది. కిటికీ వైపు చూశాను. నారీన్ నది అంచుల్లో మంచు ఇంకా విరగలేదు, నడుమ మాత్రం నల్లగా ఒక పాయ తెరుచుకుని పారుతున్నది, వాలిన ఎండ పడి అవతలి కొండ ఇటుక రంగుకు తిరిగింది. మళ్ళీ తెర వైపు చూశాను. గీత వెంట్రుకవాసి జరిగింది. దాని కింద ఒకే వాక్యం: పని పూర్తయ్యేవరకు కంప్యూటరును ఆపకండి. ఆపితే ఏమవుతుందో ఆ వాక్యం చెప్పదు, నాకు చెప్పనక్కరలేదు. ఈ డిస్కులో నా భార్య బురుల్ గొంతు ఉన్నది. ఇంకెక్కడా లేదు.

ఇంకెక్కడా లేదన్న సంగతి కాసేపటి క్రితం వరకు నాకు తెలియదు. గీత బయలుదేరిన తరువాత చేతులు ఊరికే ఉండక, పక్కన తగిలించి ఉన్న చిన్న డిస్కును తెరిచి చూశాను. ముందు జాగ్రత్తగా రికార్డింగులన్నీ దానిలోకి ఎక్కించి పెట్టుకున్నాను గదా, వాటిని చూసుకుంటే ధైర్యంగా ఉంటుందని. అన్నీ ఉన్నాయి, పేర్లన్నీ ఉన్నాయి, కాని ప్రతి పేరు పక్కనా పరిమాణం ఒకటే, రెండు వాక్యాల ఉత్తరం పట్టేంత పరిమాణం. గంటసేపు మాట్లాడిన మనిషి గొంతు అంత చోటులో పట్టదు. అప్పుడు అర్థమైంది, పాత వ్యవస్థలో ఆ రికార్డింగుల బొమ్మల మూలన చిన్న బాణం గుర్తు ఉండేది, ఆ బాణాలు గొంతులు కావు, గొంతు ఎక్కడ ఉన్నదో చూపే వేళ్ళు మాత్రమే, నేను ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామానుకు బదులు చిరునామాలు మూటగట్టుకున్నాను. తెరిచి సరిచూసుకోకపోలేదు. చూసుకున్నాను. ఒకటి నొక్కి విన్నాను, బురుల్ చక్కగా మాట్లాడింది. కాని విన్నది అదే కంప్యూటరులో, బాణం వెళ్ళి అసలు దానినే మోగించింది. నకలును అసలు ఉన్న ఇంట్లోనే పరీక్షించాను. ఏ విద్యార్థి అయినా ప్రయోగం ఇట్లా చేసి చూపితే పుస్తకం మొహాన విసిరేవాణ్ణి. ఇప్పుడు అసలును తీసి దాచుకుందామన్నా వీలు లేదు, అది కదులుతున్నది, కదులుతున్నదాన్ని ముట్టుకోరాదు.

మీర్‌గుల్ ముందే హెచ్చరించింది. బిష్కెక్‌లో కంప్యూటర్ల పని చేస్తుంది, తొమ్మిదో తరగతిలో నా ముందు కూర్చున్న పిల్ల, ఇప్పుడు తనకే కళ్ళజోడు, తనకే మోకాళ్ళ నొప్పులు, అయినా ఫోన్లో నన్ను మాస్టారనే ఆ పాత పిలుపుతోనే, అగై అనే పిలుస్తుంది. "అగై, ముందు అన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కించుకోండి. ఎక్కించాక తెరిచి వినండి. అది మాత్రం మర్చిపోకండి." ప్రయోగం ఎలా చెయ్యాలో నువ్వు నాకు నేర్పుతున్నావా అన్నాను. "మీరు నేర్పిందే కదా అగై మీకు అప్పజెప్తున్నా. నా లోలకం ప్రయోగం మీద ఎర్ర గీత కొట్టేశారు, గుర్తుందా?" ఎందుకు కొట్టేశానని అడిగాను. "జవాబు ముందు రాసేసి లోలకం తర్వాత ఊపానని." ఇద్దరమూ నవ్వుకున్నాము. పని ఏమిటో తాను చెప్పిన తీరు సులువుగానే ఉన్నది. పాత విండోస్ పోకూడదు, ఎందుకంటే నారీన్ రేడియోవాళ్ళు తమ కార్యక్రమాలను దాచుకున్న పాత పద్ధతి దానిలోనే తెరుచుకుంటుంది. కొత్త లినక్స్ రావాలి, ఎందుకంటే ఒక మనిషి గొంతును నేర్చుకుని ఆ గొంతుతో కొత్త మాటలు పలికే ఉపకరణం దాని మీదే నడుస్తుంది. ఒకే పెట్టెలో రెండు కాపురాలు, మధ్య గోడ; పొద్దున లేవగానే పెట్టె అడుగుతుంది, ఈ రోజు ఎవరి ఇంట్లోకి వస్తావని. గోడ కట్టాలంటే ముందు పాత కాపురం సామానంతా ఒక మూలకు జరపాలి. ఆ జరపటమే ఈ నీలి గీత. పెన్‌డ్రైవులోని కొత్త వ్యవస్థ కూలివాడిలా వచ్చి పాత ఇంటి బస్తాలను ఒక్కొక్కటిగా మోస్తున్నది. ఒక బస్తా పాత చోటు వదిలి కొత్త చోటు చేరకముందు దీపం ఆరిపోతే, ఏ బస్తా ఎక్కడున్నదో కూలివాడికీ తెలియదు, ఇంటివాళ్ళకూ తెలియదు.

దీపం ఆరకుండా అన్ని ఏర్పాట్లూ చేశాను. ఈ కంప్యూటరు బ్యాటరీ నిరుడు ఉబ్బిపోతే తీసి పారేశాము, అది గోడలోని తీగ మీదనే బతుకుతున్నది, అందుకని ప్లగ్గు వదులవకుండా అట్టముక్క దోపాను. జలాశయంలో నీళ్ళు తగ్గి కరెంటు కోతలు పెడుతున్నారు గదా, మా వీధి వంతు ఈ రోజు కాదని రెండుసార్లు కనుక్కున్నాను. గాలి లేదు, తీగలు ఊగవు. గదిలో హీటరు ఆపేశాను, కోటు వేసుకుని కూర్చున్నాను. ఒక మనిషి ముందుగా ఊహించగలిగినవన్నీ ఊహించానని అనుకుంటున్న సమయంలో వంటింట్లోంచి ఒక శబ్దం వచ్చింది. మెత్తటి బరువైన శబ్దం, బల్ల మీద పిండిముద్దను ఎత్తి కొట్టిన శబ్దం. మళ్ళీ ఒకటి. తరువాత కర్ర దొర్లించిన చప్పుడు, కత్తి టకటక, పిండి పలకను చిన్న చిన్న ముక్కలుగా కోస్తున్న చప్పుడు. నూనెలో వేయించే పిండిముక్కలు, బోర్సోకులు. ఇవాళ గురువారం.

గురువారం. పొద్దు వాలేలోగా ప్రతి ఇంట్లోనూ నూనె కాగాలి, వాసన లేవాలి, పోయినవాళ్ళు ఆ రోజున గడప దాకా వస్తారు, వాళ్ళకు తిండి అక్కరలేదు, వాసన చాలు. ఈ అంతస్తుల భవనంలో మా మెట్లదారిలో ఉన్న అన్ని ఇళ్ళలోనూ పొయ్యిలు కరెంటువే. అందరికీ కలిపి కింద ఇనుపపెట్టెలో ఒకే మీట. చలికాలం హీటర్ల మీద పొయ్యిలు కూడా తోడైతే ఆ మీట తట్టుకోలేదు, పడిపోతుంది, పడిపోయినప్పుడల్లా టార్చి పట్టుకుని దిగివెళ్ళి ఎత్తేది నేనే. ఎత్తి ఊరుకునేవాణ్ణి కాదు, మెట్ల మీద నిలబడి తీగ మందానికీ విద్యుత్తుకూ ఉన్న సంబంధం వివరించేవాణ్ణి, ఆడవాళ్ళు శాలువాల చాటున నవ్వుకుంటూ వినేవారు. అటువంటి నేను కోతల పట్టీ చూశాను, గాలి చూశాను, వారం చూడలేదు. చూడవలసినదని తోచనే లేదు. వారాలకు ఒకదానికీ ఇంకొకదానికీ తేడా లేదని నేను నమ్మాను. నా నమ్మకం సరైనదే, ఇప్పటికీ సరైనదే, కాని ఇనుపపెట్టెలోని మీటకు నా నమ్మకంతో నిమిత్తం లేదు. చనిపోయినవారు రాకపోవచ్చు. వారి కోసం వెలిగే పొయ్యిలు మాత్రం వస్తాయి.

కుర్రవాడిగా ఉన్నప్పుడు నన్ను విజ్ఞాన ప్రచారానికి కొండల మీది పశువుల మేతభూములకు పంపేవారు. గుడారంలో గొర్రెల కాపరుల ముందు నిలబడి, వాసన అంటే నూనె అణువులు గాలిలో చెదరటమేనని, వాటిని పసిగట్టటానికి ముక్కు కావాలని, ముక్కు మట్టిలో కలిసినవాడికి వాసన అందదని బల్లగుద్ది చెప్పేవాణ్ణి. వాళ్ళు శ్రద్ధగా విని, పాలు కలిపిన టీ పోసి, పళ్ళెం నిండా బోర్సోకులు పెట్టేవారు. అవి గురువారం వేయించినవే. నేను తినేవాణ్ణి. ఇంటికొచ్చి మా అమ్మతో అదే వాదన. ఆమె జల్లిగరిటె దులుపుతూ అనేది: "వాళ్ళకి ముక్కు లేకపోతే నీకేంటిరా బాధ? వాళ్ళు పీల్చుకుంటే నీ పళ్ళెంలో తగ్గిందా?" దానికి నా దగ్గర జవాబు ఉన్నదని అప్పుడు అనుకున్నాను. ఆ గుడారాల్లోనే మొదటిసారి బురుల్ గొంతు విన్నాను. బ్యాటరీ రేడియోను కట్టెకు వేలాడదీసేవారు, సాయంత్రం కాగానే ఇంటి కబుర్లు అనే కార్యక్రమం, ఊళ్ళో ఉన్నవాళ్ళు మేతభూముల్లో ఉన్న తమవాళ్ళకు పంపే మాటలు ఆమె చదివేది. అక్సాయ్‌లో ఉన్న ఫలానావారికి, మీ ఆవిడ క్షేమంగా ప్రసవించింది. ఆర్పాలో ఉన్న ఫలానావారికి, మీ నాన్నగారికి బాగాలేదు, గుర్రం దొరికితే బయలుదేరండి. మంచి వార్తకూ చెడ్డ వార్తకూ ఆ గొంతు ఒకే ఎత్తున ఉండేది, కాని చెడ్డ వార్తకు ముందు ఒక చిన్న ఊపిరి, ఎవరూ గమనించనంత చిన్నది. గొర్రెల కాపరులు గమనించేవారు. ఆ ఊపిరి వినపడగానే గుడారంలో గిన్నెలు నేల మీద ఆనేవి. నేను ఆ ఊపిరిని పెళ్ళి చేసుకున్నాను.

గీత సగం దాటిందా? దాటినట్టే ఉన్నది. ఫాను శబ్దం హెచ్చింది, లేదా వంటింట్లో కత్తి ఆగిపోయింది గనుక హెచ్చినట్టు వినపడుతున్నది. కత్తి ఎందుకు ఆగిపోయింది. బురుల్‌ను పరీక్షించిన బిష్కెక్ ఆసుపత్రి డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు, ఇది స్వరపేటిక, ఇది గడ్డ, పేటిక ఉంటే మనిషి ఉండదు. గొంతా మనిషా అని ఎవరూ అడగలేదు, అందులో అడగటానికేమీ లేదు, నేనే సంతకం చేశాను. ఇంటికి వచ్చిన తరువాత ఆమె వంటింట్లో రేడియోను తీసి పై అరలో పెట్టింది. మైకు ముందు కూర్చున్న ఫొటో గోడ మీద నుంచి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. మెడలో ఊపిరి కోసం పెట్టిన రంధ్రం మీద పలుచని గుడ్డ కట్టుకుంటుంది, ఊపిరి వదిలినప్పుడు ఆ గుడ్డ ఒకసారి పొంగుతుంది. మాట్లాడవలసి వస్తే ఫోనులో టైపు చేసి చూపిస్తుంది. ఒకసారి, ఒక్కసారే, రేడియో రోజుల ప్రస్తావన తెచ్చాను. చాలాసేపు టైపు చేసి ఫోను నా వైపు తిప్పింది: "ఆ మనిషి పోయింది. ఈ వారం ఆమె పేరున కూడా నూనె పెట్టాను. నువ్వు తిన్నావు." తరువాత నేను ఆ మాట ఎత్తలేదు. రేడియో మూతపడ్డప్పుడు అక్కడి సాంకేతిక ఉద్యోగి దాచి ఇచ్చిన రికార్డింగులు ఈ కంప్యూటరులో ఉన్నాయనీ చెప్పలేదు. టేపులన్నీ చెమ్మకు అట్టకట్టి పోయాయి, మిగిలింది ఇదేనన్నాడు అతను. రాత్రుళ్ళు ఆమె నిద్రపోయాక చెవుల్లో పెట్టుకుని వినేవాణ్ణి, పక్కగదిలో ఆమె ఊపిరి, చెవిలో ఆమె ఊపిరి, ఏది ముందు ఏది వెనక అని పోల్చుకుంటూ.

ఫోను బల్ల మీద బుర్రుమన్నది. ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి తోశాను, కాలు తీగకు తగలబోయింది. వంటింట్లోంచే. "తలుపేసుకుని ఏం చేస్తున్నావ్, కోడిపెట్ట పొదుగుతున్నట్టు?" పని ఉన్నదని రాశాను. "రిటైరైనవాడికి పనేంటి? సూర్యుణ్ణి దించుతున్నావా?" జవాబు రాయబోతున్నాను, ఇంకొకటి వచ్చింది. "నూనె పెడుతున్నా. నీ కిటికీ కొంచెం తెరువు, వాసన బయటికి పోవాలి."

లేవాలి. వెంటనే లేవాలి. నేను చూస్తున్నంత మాత్రాన గీత కదలటం లేదు, చూడనంత మాత్రాన ఆగదు, ఇది నాకు తెలుసు, ఇంత స్పష్టంగా తెలిసిన విషయాలు లోకంలో కొన్నే ఉంటాయి, అయినా నా కళ్ళు ఆ గీతకు కట్టేసినట్టు ఉన్నాయి, కళ్ళు వదిలితే గీత తెగుతుందన్నట్టు. లేచి వెళ్ళి పొయ్యి వెయ్యకు అనాలి. ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలి. చెబితే, ఆమె పాతిపెట్టుకున్నదాన్ని ఇన్నాళ్ళూ నేను దాచుకుని వింటున్నానని తెలుస్తుంది. దానికి కొత్త మాటలు నేర్పబోతున్నానని తెలుస్తుంది. గొంతు పోతుందన్న భయం ఒకటి, గొంతు ఉందని తెలిస్తే ఆమె ముఖం ఎలా మారుతుందోనన్న భయం ఒకటి, రెంటినీ తూచి చూశాను, ఏది బరువో తేలలేదు, తేలేలోగా వంటింట్లో కజాన్‌ను, ఆ బరువైన నూనె మూకుడును, పొయ్యి మీద పెట్టిన ఇనుప శబ్దం వినపడింది. కాళ్ళే లేచాయి.

ఆమె చెయ్యి పొయ్యి మీటపై ఉన్నది. "బురుల్, వెయ్యకు" అన్నాను. కనుబొమ్మలు ఎత్తింది. "ఒక్క గంట. కరెంటు పోతే కంప్యూటర్ పాడైపోతుంది." ఆమె మీట మీది నుంచి చెయ్యి తియ్యకుండా రెండో చేత్తో టైపు చేసింది: "పోతే పోనీ. దాన్లో ఏముంది, నీ పాత ప్రశ్నపత్రాలేగా." అవతల గోడకు ఆనుకున్న ఇంట్లో అనార్కుల్ తన పొయ్యి వేసిన చప్పుడు నాకు వినపడింది, వినపడిందని అనుకున్నాను. "నీ గొంతు ఉంది" అన్నాను. "రేడియోది. అది తప్ప ఇంకెక్కడా లేదు." మెడ మీది గుడ్డ ఒకసారి పొంగి, ఆగిపోయింది, ఊపిరి బిగబట్టిందని అర్థమైంది. ఫోను పైకెత్తి టైపు చేసింది, చెరిపింది, మళ్ళీ చేసింది, మళ్ళీ చెరిపింది. చెరిపేస్తున్న అక్షరాల చప్పుడు కూడా ఉండదు గదా, ఏమేమి పోతున్నదో నాకు తెలియలేదు. చివరికి చూపించింది: "ఎన్నాళ్ళ నుంచి?" అక్కడే ఉన్నాయి, మొదటి నుంచీ, ఆ గొంతుతో కొత్త మాటలు పలికించే రెండో వ్యవస్థను ఇప్పుడు పక్కన పెడుతున్నాను, అన్నాను. పొయ్యి మీట వదిలేసింది. గోడకు తగిలించిన కోటు వేసుకుంది, తలకు శాలువా చుట్టుకుంది, జల్లిగరిటె చేతపట్టుకుంది, నన్ను తప్పించుకుని తలుపు తీసుకుని మెట్ల మీదికి వెళ్ళిపోయింది.

తిరిగి గదిలోకి వచ్చి కూర్చున్నాను. గీత కదులుతున్నది. ఎక్కడికి వెళ్ళింది, ఈ చలిలో, ఆమెకు చల్లగాలి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోకూడదని డాక్టరు చెప్పాడు, లేచి వెంట వెళ్ళాలి, వెళ్ళి ఏమి అనాలి. అప్పుడు పక్కింటి తలుపు మీద కొట్టిన చప్పుడు వినపడింది, వేళ్ళతో కాదు, జల్లిగరిటెతో కొట్టినట్టు ఇనుప చప్పుడు. తలుపు తెరుచుకుంది. అనార్కుల్ గొంతు మెట్లదారంతా మోగింది, బదులు మాత్రం వినపడదు, బదులు ఉండదు గదా. "ఎవరూ? బురుల్ ఎజె, రండక్కా, రండి. ఏంటిది, చదవాలా, ఉండండి కళ్ళజోడు... పొయ్యి కట్టెయ్యాలా? అయ్యో, నా నూనె సగం కాగిపోయింది ఎజె. ఏంటి? అగై కంప్యూటరా? అగై కంప్యూటర్ కోసం మా అత్త పస్తుండాలా? బతికున్నన్నాళ్ళూ నన్ను కాల్చుకుతిన్నది, ఇవాళ వాసన కూడా లేదంటే నన్ను బతకనిస్తుందా?" తరువాత ఫోనులో ఇంకేదో చదువుతున్న గొణుగుడు. "ఎవరిదీ? మీదా?" పొయ్యి మీట టక్కుమన్నది. "కట్టేశా. ఇదిగో కట్టేశానమ్మా. మీరు ముందు శాలువా సరిగ్గా కప్పుకోండి."

జల్లిగరిటె కింది అంతస్తుకు దిగింది. ముసలి సాదీర్‌బై తలుపు, ఆయనకు సగం చెవుడు, ఇల్లు కూలుతున్నంత గట్టిగా మాట్లాడతాడు. "చదవలేను, దగ్గరికి పట్టు. ఆఁ. మీ ఆయనా? బతుకంతా పోయినవాళ్ళు లేరు, ఏమీ లేదు అని మా బుర్రలు తిన్నాడు, ఇప్పుడు గురువారాన్ని ఆగమంటున్నాడా? ఆపుదాం, కాని ముందు నాకు రాసివ్వమను, గురువారం ఉందని." ఆగాడు. ఆమె రాసింది ఆయన చదువుతున్నంతసేపూ నేను గీతను చూడటం మరిచానని తరువాత గుర్తొచ్చింది. ఈసారి మాట్లాడినప్పుడు ఆయన గొంతు తగ్గింది, తగ్గినా స్పష్టంగానే వినపడింది. "అరే. ఇంటి కబుర్లా. అవి ఉన్నాయా?" తరువాత తాళాల గుత్తి మోగింది. "పెళ్ళిళ్ళకి పెట్టే పొయ్యి పెరట్లో ఉంది కదా, మంచు ఊడ్చుకుంటే సరి. కట్టెలు నా కొట్లో ఉన్నాయి, తీసుకో. రేపు చీల్చి ఇవ్వాల్సింది మాత్రం మీ ఆయనే, చెప్పు."

గడప వెంట గడప, తలుపు వెంట తలుపు. ఒక్క మాట లేని మనిషి మెట్లదారి అంతటినీ మాట్లాడిస్తూ దిగుతున్నది. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు, తీగ పక్కన కాపలా కూర్చోవటం తప్ప. పై అంతస్తు వాళ్ళ దగ్గరికి ఆమె ఇంకా వెళ్ళలేదు గదా అనుకున్నాను, అనుకుంటుండగానే తల మీద బల్బు కుంగింది. పచ్చగా, ఆపై ఎర్రగా, లోపలి తీగ ఒక్కటే కనపడేంత మసకగా. తెర ఒకసారి మినుకుమంది. నా రెండు చేతులూ కంప్యూటరు మూత మీద ఉన్నాయి, ఎప్పుడు పెట్టానో తెలియదు, జ్వరపడ్డ బిడ్డ నుదుటి మీద పెట్టినట్టు. పెదవులు ఏదో గొణుగుతున్నాయి. ఏమి గొణుగుతున్నానో విన్నాను: విద్యుత్ ప్రవాహం పొటెన్షియల్ భేదానికి అనులోమంగానూ నిరోధానికి విలోమంగానూ ఉంటుంది. తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన సూత్రమే. కాని దాన్ని అంటున్న తీరు సూత్రాన్ని అనే తీరు కాదు. అందులో సిగ్గుపడటానికి కూడా నాకు తీరిక లేకపోయింది. మెట్ల మీద పరుగులాంటి అడుగులు పైకి వెళ్ళాయి, ఇనుప చప్పుడు, తలుపు, ఎవరిదో "అయ్యయ్యో తెలీదండీ", బల్బు మెల్లగా తేరుకుంది. గీత అక్కడే ఉన్నది. ఉన్నదా, ఆగిందా. కొండ వైపు చూశాను. ఎండ కొండ శిఖరానికి ఎక్కింది. తిరిగి చూశాను. జరిగింది.

పెరట్లో పొగ లేచింది. కిటికీలోంచి చూస్తే మంచు ఊడ్చిన చోట నల్లటి గుండ్రని మచ్చ, దాని నడుమ పెద్ద కజాన్, చుట్టూ కోటుల మీద ఏప్రాన్లు కట్టుకున్న ఆడవాళ్ళు, ఎవరి పిండి పళ్ళెం వాళ్ళు పట్టుకుని వరసగా నిలబడ్డారు. అందరి చనిపోయినవాళ్ళకూ ఒకే నూనె. అనార్కుల్ అటు తిరిగి అరుస్తున్నది, "మా అత్తవి ముందు వెయ్యండి, లేకపోతే తగాదా పెట్టుకుంటుంది," ఎవరో నవ్వారు. బురుల్ పొగకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, శాలువాతో మెడ మూసుకుని, జల్లిగరిటె తిప్పుతున్నది. ఒక్కసారి కూడా పైకి చూడలేదు. చూడదేమోననుకున్నాను. ఆమె కాపాడుతున్నది తన గొంతునా, లేక నాకు ఆఖరిసారిగా ఒక మేలు చేసి లెక్క తేల్చుకుంటున్నదా, ఆ ముఖాన్ని ఇంత దూరం నుంచి చదవటం నాకు రాదు, దగ్గర నుంచి కూడా ఈ మధ్య రావటం లేదు. నూనె వాసన కిటికీ సందులోంచి వచ్చింది. అణువులు చెదురుతున్నాయి, ముక్కు ఉన్నవాడికి అందుతున్నాయి.

గీత అంచును తాకి మాయమైంది. పూర్తయిందని ఒక చిన్న మాట. ఊపిరి వదలలేదు, బస్తాలు జరిగాయంటే అవి చిరగలేదని కాదు. కొత్త కాపురం తన చోటులో సామాను సర్దుకోవటం చూశాను, దానికి పెద్దగా సమయం పట్టలేదు, పెన్‌డ్రైవు తీసి కంప్యూటరును ఆపి మళ్ళీ వెలిగించమన్నది. ఆపటానికి వేలు రాలేదు. ఆపాను. తెర నల్లబడింది, అంత నలుపు ఇంతకు ముందు ఎప్పుడూ అంతసేపు ఉన్న గుర్తు లేదు. ఆపై ఆ నలుపు మీద తెల్లటి రెండు వరసలు, పైన కొత్తది, కింద పాతది, ఎటు వెళతావని. కిందకు నొక్కాను. పాత వ్యవస్థ నన్ను గుర్తు పట్టనట్టు నిలబడింది, ఈ డిస్కులో ఏదో మారింది, సరిచూడాలి అన్నది. మారుతుందని, అది సరిచూస్తుందని, కంగారు పడవద్దని మీర్‌గుల్ చెప్పే ఉన్నది. కంగారు పడ్డాను. తెల్లటి అంకెలు ఎక్కుతున్నాయి. కోటు లోపల చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. చివరికి ఆ పాత నీలి తెర, మూల బాణాలున్న బొమ్మలు. ఒకదాని మీద నొక్కాను, బాణం తన వేలు చూపిన చోటికి వెళ్ళింది, అక్కడ ఉన్నది ఉన్నట్టే ఉన్నది.

"అక్సాయ్, ఆర్పా, సోన్‌కోల్ మేతభూముల్లో ఉన్నవారికి నమస్కారం. ఇంటి కబుర్లు."

ముఖాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని విన్నాను. తలుపు తెరుచుకున్నది నాకు తెలియలేదు, పొగ వాసన ముందు వచ్చింది. బురుల్ గుమ్మంలో నిలబడి ఉన్నది, చేతిలో బోర్సోకుల పళ్ళెం, కనురెప్పల మీద మసి. ఆపటానికి చెయ్యి చాచాను. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. దగ్గరికి వచ్చింది. తెరను చూడలేదు, నన్ను చూడలేదు, గోడ వైపు చూస్తూ వింటున్నది. కాసేపటికి ఆమె పెదవులు కదలటం చూశాను. యంత్రంలోని మాటలనే, అక్షరం ముందు వెనక కాకుండా, అదే వేగంతో పలుకుతున్నది శబ్దం లేకుండా. కొచ్కోర్ నుంచి సోన్‌కోల్‌కు ఒక కబురు, మీ తమ్ముడికి ఉద్యోగం వచ్చింది. తరువాత యంత్రంలో ఆ చిన్న ఊపిరి, అదే క్షణాన ఆమె మెడ మీది గుడ్డ పొంగింది. ఆర్పాలో ఉన్న తొక్తోసున్‌కు, మీ అమ్మగారు బుధవారం కాలం చేశారు. పేరు దగ్గర పెదవులు తప్పాయి. యంత్రం ఒక పేరు అన్నది, ఆమె ఇంకొకటి అన్నది. పెదవులు ఆగిపోయాయి. గొంతు తన దారిన తాను తరువాతి కబురుకు వెళ్ళిపోయింది.

పళ్ళెం బల్ల మీద పెట్టి ఫోను తీసింది. ఈసారి చెరపలేదు. "ఆ రోజు పేరు తప్పు చదివాను. తొక్తోసున్ కాదు, తొక్తోబెక్. తొక్తోసున్ పాపం గుర్రం మీద రాత్రంతా వచ్చాడు, వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని ఉన్ని ఏరుతోంది. అసలువాడికి ఎవరూ చెప్పలేదు." కింద ఇంకొక వరస వచ్చేదాకా ఆగాను. "నువ్వు పెట్టిన ఆ రెండోదాంతో సరిదిద్దొచ్చా?"

ఏమి అడుగుతున్నదో, ఎంతవరకు అడుగుతున్నదో నాకు పూర్తిగా తెలియలేదు. ఆ ఉపకరణం ఆమె గొంతును పట్టుకుంటుందా, పట్టుకున్నా ఆ ఊపిరిని పట్టుకుంటుందా, పట్టుకుంటే ఆ మాట్లాడేది ఎవరవుతారు, వీటిలో దేనికీ నా దగ్గర కొలత లేదు. "తెలీదు" అన్నాను. "చేసి చూడాలి."

ఆమె కుర్చీ వెనక నిలబడి నా భుజం మీద చెయ్యి వేసింది. "చూడు మరి" అని ఫోను నా కళ్ళ ముందు పెట్టింది. కంప్యూటరును ఆపాను, మళ్ళీ వెలిగించాను, నలుపు మీద తెల్లటి రెండు వరసలు వచ్చి నిలబడ్డాయి. భుజం దగ్గర వణుకు మొదలైంది. ఆమె చెయ్యి వణుకుతున్నదా, నా భుజమా అన్నది తేల్చుకోలేకపోయాను. తాకి ఉన్న రెండు వస్తువుల్లో కంపనం ఎందులో పుట్టిందో చెప్పాలంటే ఒకదాన్ని విడదీసి చూడాలి. విడదీయలేదు. పై వరస మీద వేలు పెట్టి నొక్కాను.